స్కోరు కంటే ముందు, రోజును అడగాలి: అనంతపురం హాస్టల్ విద్యార్థుల మానసిక శ్రేయస్సుపై ఒక పీజీ ప్రాజెక్టు, కేస్ స్టడీ

"యూనివర్సిటీ విద్యార్థుల మానసిక శ్రేయస్సు: లింగం, నివాస ప్రాంతం ఆధారంగా ఒక అధ్యయనం." సైకాలజీ, సోషల్ వర్క్, ఎడ్యుకేషన్ పీజీ చివరి సెమిస్టరు ప్రాజెక్టుల్లో ఇది బాగా నలిగిన దారి. ఒక స్కేలు (మార్కులు వేసే ప్రశ్నావళి) తెస్తారు, దొరికిన వాళ్లచేత నింపిస్తారు, అబ్బాయిలు-అమ్మాయిలు, పల్లె-పట్నం అని రెండుగా విడదీసి, సగటుల తేడా చూసే టీ-టెస్టు వేస్తారు. తేడా వస్తే ఒక పేరా, రాకపోతే ఇంకో పేరా. ఆ రిపోర్టు చదివిన హాస్టల్ వార్డెన్‌కు మర్నాడు చేయదగ్గ పని ఒక్కటీ దొరకదు.

ఇక్కడ వివరిస్తున్నది అదే శీర్షికతో మొదలై దారి మార్చుకున్న ప్రాజెక్టు. చోటు అనంతపురం ఊరి బయట ఉన్న ఒక యూనివర్సిటీ క్యాంపస్. చేసినవాళ్లు ఇద్దరు పీజీ విద్యార్థులు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా ఒకే తరహా ప్రాజెక్టుల వివరాలు కలిపి ఒక కేసుగా రాశాం. లెక్కల్లో కనిపించే అంకెలు పద్ధతి చూపడానికి వేసినవి. ఫలితాల శాతాలు ఇవ్వడం లేదు, ఎందుకంటే ఒక క్యాంపస్ శాతం ఇంకో క్యాంపస్‌కు పనికిరాదు. పనికొచ్చేది చేసిన తీరు, ఎక్కడెక్కడ తప్పుతుందన్నది.

ప్రశ్న మార్చుకోవడం

మొదట కొట్టేయాల్సి వచ్చింది "రూరల్/అర్బన్" గడి. కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో పుట్టిన అమ్మాయి ఐదో తరగతి నుంచి గురుకులంలో చదివి, ఇంటర్ తిరుపతిలో కార్పొరేట్ కాలేజీలో, డిగ్రీ అనంతపురం టౌన్‌లో పూర్తిచేసి పీజీకి వచ్చిందనుకుందాం. ఫారంలో "రూరల్" అని టిక్కు పెడుతుంది. కానీ పదేళ్లకు పైగా ఆమె బతికింది హాస్టల్‌లో. ధర్మవరంలో మగ్గం మీద బతికే ఇంటి అబ్బాయి "అర్బన్" అని రాస్తాడు, ఇంటి ఆదాయం మాత్రం చీరల ఆర్డర్లను బట్టి నెలనెలా మారుతుంది. ఈ రెండు టిక్కుల మధ్య తేడా వచ్చినా రాకపోయినా దానికి అర్థం చెప్పలేం.

సొంత జిల్లా అడగడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక హిందూపురం, కదిరి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. రాయచోటి అన్నమయ్య జిల్లా అయింది, నంద్యాల కర్నూలు నుంచి విడిపోయింది. చాలామంది పాత అలవాటు కొద్దీ "అనంతపురం" అనే రాస్తారు. జిల్లా అడగకుండా "మీ ఊరికి వెళ్లాలంటే ఇక్కడినుంచి ఎన్ని బస్సులు మారాలి, మొత్తం ఎన్ని గంటలు పడుతుంది" అని అడిగితే జవాబు నికరంగా వస్తుంది. శ్రేయస్సుతో ముడిపడేది కూడా ఆ దూరమే, జిల్లా పేరు కాదు.

చివరికి ప్రశ్న ఇలా తేలింది: హాస్టల్‌లో ఉండే పీజీ విద్యార్థి రోజులో ఏ ఏ భాగాలు అతని మానసిక శ్రేయస్సు స్కోరుతో కలిసి కదులుతున్నాయి? మొత్తం రోజును పట్టుకోలేరు కాబట్టి మూడే ఎంచుకున్నారు: పడుకునే వేళలో నిలకడ, ఇంకొకరితో కలిసి తిన్న పూటలు, ఆ నెలలో డబ్బు ఇబ్బంది. మూడూ డేటా సేకరించకముందే కాగితం మీద రాసి, గైడ్ సంతకంతో తేదీ వేశారు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ దీని విలువ లెక్కల దగ్గర తెలుస్తుంది. ఏ సంబంధమూ లేని చోట 0.05 హద్దుతో (నూటికి అయిదుసార్లు పొరపాటుకు ఒప్పుకుని) 20 వేర్వేరు టెస్టులు వేస్తే, కనీసం ఒకటైనా "తేడా ఉంది" అని ఉత్తినే చూపే అవకాశం 64 శాతం. ముందే మూడు అని కట్టుబడితే ఆ ప్రమాదం 14 శాతానికి దిగుతుంది.

స్కేలు

రిఫ్ స్కేలు (1989) బాగా పేరున్నదే. తనను తాను స్వీకరించడం, ఇతరులతో సంబంధాలు, స్వయంప్రతిపత్తి, పరిసరాలపై పట్టు, జీవిత లక్ష్యం, ఎదుగుదల అని ఆరు కోణాలు చూస్తుంది. కానీ వాడుకలో ఉన్న రూపాల్లో 42, 54, 84 ప్రశ్నలున్నవి పొడుగు, వాటిలో తిరగేసి మార్కులు వేయాల్సిన నెగటివ్ వాక్యాలు చాలా. రాత్రి భోజనం అయ్యాక గదిలో కూర్చుని నింపే మనిషి ఇరవయ్యో ప్రశ్న దాటాక వరసగా "అంగీకరిస్తాను" గీసుకుంటూ పోతాడు.

అందుకే ఇక్కడ వాడింది డబ్ల్యూహెచ్ఓ-5. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఈ స్కేలులో అయిదే వాక్యాలు, అయిదూ మంచి వైపువి: ఉల్లాసంగా ఉన్నాను, ప్రశాంతంగా ఉన్నాను, చురుగ్గా ఉన్నాను, నిద్ర లేచినప్పుడు హాయిగా ఉంది, నా రోజులో నాకు ఆసక్తి ఉన్నవి ఉన్నాయి అనే అర్థంలో ఉంటాయి. గత రెండు వారాల గురించి 0 నుంచి 5 వరకు జవాబు. మొత్తం 0 నుంచి 25 వస్తుంది, దాన్ని 4తో గుణిస్తే 0 నుంచి 100. 50 లేదా అంతకన్నా తక్కువ వస్తే మరింత పరిశీలన అవసరం అని అర్థం, డిప్రెషన్ ఉందని కాదు. ఈ ఒక్క వాక్యం రిపోర్టుల్లో తరచూ తారుమారవుతుంది: "50 లోపు వచ్చినవాళ్లు డిప్రెషన్‌తో బాధపడుతున్నారు" అని రాసేస్తారు. స్క్రీనింగ్ చేసేవాడు రోగనిర్ధారణ చేయకూడదు.

పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ లక్షణాల ప్రశ్నావళి ఎందుకు వద్దనుకున్నారో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఉచితంగా దొరుకుతుంది కాబట్టి చాలా ప్రాజెక్టుల్లో అదే కనిపిస్తుంది. 9 ప్రశ్నలు, 0 నుంచి 27 స్కోరు, 10 లేదా అంతకన్నా ఎక్కువైతే గమనించాల్సిన స్థాయి. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండు అనే ఆలోచనల గురించి. పేరు లేని గూగుల్ ఫారంలో ఒకరు దానికి "దాదాపు ప్రతిరోజూ" అని నొక్కితే ఏం చేస్తారు? ఎవరో తెలీదు. వెదకలేరు, వదలలేరు. ఆ జవాబు వచ్చిన రోజే చూసి ఆ మనిషిని చేరుకునే ఏర్పాటు, వెనుక ఒక క్లినికల్ మనిషి లేకపోతే విద్యార్థి ప్రాజెక్టులో ఆ ప్రశ్న అడగనే కూడదు. ఈ విషయంలో మా అభిప్రాయం గట్టిది: అడిగి ఊరుకోవడం, అడగకపోవడం కంటే అన్యాయం. డిప్రెషన్ లక్షణాలే కొలవాలంటే ఆ ప్రశ్న లేని పీహెచ్‌క్యూ-8 ఉంది.

నిద్రకు పిట్స్‌బర్గ్ సూచిక (1989) పెట్టాలని ఒకరు పట్టుబట్టారు. పైలట్‌లో పదిమందికి ఇచ్చి చూడగానే సంగతి బయటపడింది. ఆ సూచికలో నిద్రపోయిన గంటలను పక్క మీద ఉన్న గంటలతో భాగించి నిద్ర సామర్థ్యం లెక్కిస్తారు. హాస్టల్ గదిలో మంచమే కుర్చీ, మంచమే టేబుల్, ఫోను చూసేది అక్కడే, టిఫిన్ తినేదీ అక్కడే. రాత్రి 9కి మంచం ఎక్కి, 1కి నిద్రపోయి, 6:30కి లేచిన విద్యార్థి ప్రశ్నను అక్షరాలా తీసుకుని జవాబిస్తే 5.5 గంటలను 9.5తో భాగించాలి. 58 శాతం వస్తుంది. 65 కంటే తక్కువ కాబట్టి ఆ భాగానికి అన్నిటికంటే చెడ్డ మార్కు, 3. అదే మనిషి లైటు ఆర్పి, ఫోను పక్కన పెట్టింది 12:40కి అని విడిగా అడిగితే 5.5ను 5.83తో భాగించాలి, 94 శాతం వస్తుంది, మార్కు 0. అతనికి నిద్ర పట్టని జబ్బు లేదు, నిద్రకు చాలినంత వేళ లేదు. రెండూ వేర్వేరు సమస్యలు, పరిష్కారాలూ వేరు. అందుకని సూచిక పక్కన పెట్టి మూడు సాదా ప్రశ్నలు పెట్టారు: నిన్న రాత్రి లైటు, ఫోను ఆపింది ఎన్నింటికి, నిద్ర పట్టింది సుమారు ఎన్నింటికి, లేచింది ఎన్నింటికి. 24 గంటల లెక్కలో రాయమని చెప్పకపోతే "12:30" పగలో రాత్రో తెలీక కొన్ని ఫారాలు పారేయాల్సి వస్తుంది.

తెలుగు చేయడం

వాడే స్కేలుకు పరీక్షించిన తెలుగు రూపం దొరికితే, అనుమతి పెట్టి అదే వాడాలి. సొంతంగా రాసుకున్న ప్రశ్నలు తెలుగు చేయడానికి ఈ వరస పాటించారు: ఇద్దరు విడివిడిగా తెలుగు చేయడం, ఒకచోట కూర్చుని ఒక రూపానికి రావడం, మూలం చూడని మూడో మనిషి తిరిగి ఇంగ్లీషులోకి మార్చడం, తేడా వచ్చిన చోట సరిచేయడం. ఆ తర్వాత ఎక్కువమంది వదిలేసే మెట్టు: ఆరేడుగురు విద్యార్థులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, "దీన్ని మీరు ఎట్లా అర్థం చేసుకున్నారు?" అని అడగడం.

అక్కడే "ఎప్పుడూ" అన్న జవాబు గడి పట్టుబడింది. ఒంటరిగా చూస్తే కొందరికి అది "ఎల్లవేళలా", కింద చివరి గడిలో ఉంది కాబట్టి ఇంకొందరికి "ఎన్నడూ లేదు". ఒక చివర "రోజంతా", ఇంకో చివర "ఒక్కసారి కూడా లేదు" అని మార్చాక గందరగోళం పోయింది. ఇంగ్లీషు మీడియం విద్యార్థులకు ఇంగ్లీషు ఫారం, మిగతావాళ్లకు తెలుగు ఫారం అని ఎవరో ఒకరు నిర్ణయించకూడదు. రెండు భాషలూ ఒకే కాగితం మీద, పైన తెలుగు, కింద ఇంగ్లీషు వేశారు. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు కడప, కర్నూలు క్యాంపస్‌లలో గణనీయంగా ఉంటారు. అక్కడ చేసేవాళ్లు మూడో వరుస గురించి ముందే ఆలోచించాలి.

ఎంతమంది, ఎవరు, ఎప్పుడు

"శాంపిల్ 100" అన్నది గుండు అంకె మాత్రమే, దాని వెనుక లెక్క లేదు. ఒక లక్షణం ఎంత శాతం మందిలో ఉందో 5 శాతం అటూఇటూగా చెప్పాలంటే 384 మంది కావాలి. హాస్టళ్లలో మొత్తం 600 మందే ఉంటే సవరణ చేసి 235. అందులో 15 శాతం మంది నింపరు అనుకుంటే పంచాల్సిన ఫారాలు 277. ఈ ప్రాజెక్టు అడుగుతున్నది శాతం కాదు, సంబంధం. 0.2 పాటి చిన్న సహసంబంధాన్ని (రెండు అంశాలు ఎంత కలిసి కదులుతాయో చెప్పే అంకె) 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే సుమారు 194 మంది, 0.3 అయితే 85 మంది సరిపోతారు. చిన్న సంబంధాన్ని కూడా వదలకూడదనుకున్నారు కాబట్టి 230 ఫారాలకు ప్లాన్ వేశారు.

వాట్సాప్ క్లాస్ గ్రూపులో లింకు పెడితే రెండు రోజుల్లో నిండిపోతుంది, నిజమే. కానీ అందులో నింపేది గ్రూపులో చురుగ్గా ఉండేవాళ్లు. మనసు బాగలేక నాలుగు రోజులుగా ఫోను కూడా చూడని మనిషి ఆ లింకు తెరవడు, మనకు ముఖ్యంగా కావలసింది అతని జవాబు. అందుకని హాస్టల్ రూముల జాబితా తీసుకుని, బ్లాకుల వారీగా మందిని బట్టి లాటరీ వేసి, గది గదికీ వెళ్లి కాగితం ఇచ్చారు. అమ్మాయిల హాస్టల్‌కు అమ్మాయే, గేటు మూసే వేళకు ముందే. గదిలో ముగ్గురుంటే ముగ్గురికీ ఒకేసారి ఇవ్వకూడదు, ఒకరి జవాబు ఒకరు చూసి రాస్తారు. ఎంపికైన మనిషికి కవరుతో సహా ఇచ్చి, అతికించిన కవరు డబ్బాలో వేయమనాలి.

గది తాళం వేసి ఉంటే పక్క గది వాళ్లతో నింపించడం మామూలుగా జరిగేదే. అలా చేయకూడదు. వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లి, అప్పటికీ దొరక్కపోతే "దొరకలేదు" అని రాయాలి. ఎవరు దొరకలేదన్నది కూడా డేటానే: ఎక్కువమంది రాత్రి ఆలస్యంగా వచ్చే పార్ట్‌టైం పనివాళ్లు, టౌన్‌లో డీఎస్సీ, ఎస్ఐ, కానిస్టేబుల్ కోచింగులకు వెళ్లేవాళ్లు.

వార్డెన్ పంచితే ఫారాలు నూటికి నూరూ వెనక్కి వస్తాయి, జవాబులు పనికిరావు. లెక్చరర్ తన క్లాసులో పంచినా అంతే, ఇంటర్నల్ మార్కులు చేతిలో ఉన్న మనిషికి ఎవరూ "నాకు ఆసక్తి లేదు" అని రాయరు.

కాలం ఎంచుకోవడం మీద చాలామంది శ్రద్ధ పెట్టరు. స్కేలు గత రెండు వారాలను అడుగుతుంది. మిడ్ పరీక్షలు ముగిసిన మర్నాడు అడిగితే పరీక్షల ఒత్తిడిని కొలుస్తాం, సంక్రాంతి సెలవుల నుంచి రాగానే అడిగితే ఇంటి భోజనాన్ని కొలుస్తాం. ఏప్రిల్‌లో అనంతపురం పై అంతస్తు గదుల్లో రాత్రి రెండింటి దాకా వేడి దిగదు, నిద్ర వేళలన్నీ జరిగిపోతాయి. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లు తెల్లవారుజామున సహరీకి లేస్తారు. ఆ నెల ఏటా 11 రోజుల దాకా ముందుకు జరుగుతుంది కాబట్టి పోయినేటి క్యాలెండరు నమ్ముకోకూడదు. సెమిస్టరు మొదలైన ఆరో వారం నుంచి ఎనిమిదో వారం లోపు, పరీక్షకు కనీసం మూడు వారాల ముందు సేకరించడం ఇక్కడ కుదిరింది.

అడిగే ముందే దారి

ఫారం అచ్చు వేయడానికి ముందు ఒక పేజీ రాసుకున్నారు: తక్కువ స్కోరు వచ్చినా, మాటల్లో ఎవరైనా ప్రాణం మీదకు తెచ్చుకునే ఆలోచన బయటపెట్టినా, ఎవరు, ఎంత లోపు, ఏం చేయాలి. ఇది లేకుండా ఎథిక్స్ కమిటీకి కాగితాలు పంపకూడదు. ఫారం మీద పేరు లేదు, కోడ్ ఉంది. కోడ్‌కు పేరుకు ముడి చూపే జాబితా గైడ్ బీరువాలో విడిగా ఉంటుంది. స్కోరు 28 లేదా అంతకన్నా తక్కువ వస్తే జాబితా తెరిచి గైడ్ ఆ మనిషితో స్వయంగా మాట్లాడతారని సమ్మతి పత్రంలోనే రాశారు. మొదట ఇది చూసి కొందరు నింపరేమో అన్న భయం ఉంటుంది. పోయేది తక్కువ. తెలియకుండా తెరిస్తే పోయే నమ్మకం ఎక్కువ.

ఫారం వచ్చిన సాయంత్రమే స్కోరు వేయాలి, కట్ట కట్టి నెలాఖరుకు వేయకూడదు. ఎవరైనా చావు గురించి మాట్లాడితే విద్యార్థి పరిశోధకుడు కౌన్సెలింగ్ మొదలుపెట్టకూడదు. సూటిగా, నెమ్మదిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎట్లా అని కూడా ఆలోచించినావా?" అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. ఒంటరిగా వదలకుండా, అప్పుడే గైడ్‌కు ఫోను చేయాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. సైకియాట్రీ ఓపీ ఏ గదిలో, ఏ వేళల్లో అన్నది ముందే వెళ్లి కనుక్కుని ఆ పేజీలో రాసి ఉండాలి. ఆస్పత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుందని భయపడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఈ మాట ఇంటివాళ్లకు చెప్పగలగాలి.

క్యాంపస్‌లో కౌన్సిలర్ లేకపోతే ఆ సంగతి పై అధికారులకు రాతపూర్వకంగా పెట్టాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో, 100 మంది లేదా ఎక్కువ విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సోషల్ వర్కర్‌ను గానీ పెట్టుకోవాలని ఉంది.

ఏడు రోజుల చీటీ

ప్రాజెక్టుకు ప్రాణం ఇదే. ఫారం నింపినవాళ్లలో స్కోరు ఎక్కువ, మధ్య, తక్కువ ఉన్న మూడు గుంపుల నుంచి పదేసి మందిని లాటరీ తీసి, ఏడు రోజులు రోజుకో చీటీ రాయమన్నారు. తక్కువ గుంపులో గైడ్ ముందుగా మాట్లాడాక సరే అన్నవాళ్లనే తీసుకున్నారు. 2004లో మనస్తత్వ శాస్త్రవేత్త కానెమన్, ఆయన సహచరులు ప్రచురించిన దిన పునర్నిర్మాణ పద్ధతిలో నిన్నటి రోజును సినిమాలో సీన్ల మాదిరి ముక్కలు చేసి ఒక్కోదానికీ అనుభూతి రాయిస్తారు. పూర్తి పద్ధతికి ముప్పావు గంట దాటుతుంది. ఇక్కడ దాన్ని కుదించి పోస్టుకార్డు సైజు చీటీ చేశారు. రోజును ఆరు ముక్కలు: లేచినప్పటి నుంచి టిఫిన్ దాకా, ఉదయం క్లాసులు, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి భోజనం, పడుకునే దాకా. ఒక్కో ముక్కకు నాలుగు గడులు: ఎక్కడ, ఎవరితో, ఏం చేస్తూ, మనసు ఎట్లా ఉండె (1 నుంచి 5). కింద ఒక వరుస ఖాళీ: "ఈరోజు బరువనిపించింది ఏదన్నా ఉంటే". నింపడానికి అయిదు నిమిషాలు.

డైరీలన్నిటికీ ఒకే జబ్బు: ఆదివారం రాత్రి కూర్చుని ఏడు రోజులవీ ఒకేసారి రాయడం. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లకు ఇచ్చిన కాగితం డైరీల అట్టలో, తెరిచినప్పుడల్లా వేళ నమోదు చేసే కాంతి సెన్సర్ దాచారు. 90 శాతం ఎంట్రీలు వేళకే రాసినట్టు డైరీలు చెప్పాయి. నిజంగా వేళకు రాసినవి 11 శాతం. విద్యార్థులు రోగుల కంటే క్రమశిక్షణగా రాస్తారనుకోవడానికి కారణం లేదు. విరుగుడు సులువైనదే: ఏడు చీటీలు ఒకేసారి ఇవ్వకూడదు. పొద్దున మెస్‌లో టిఫిన్ కౌంటరు దగ్గర డబ్బా పెట్టి, నిన్నటి చీటీ వేస్తేనే ఈరోజు చీటీ, దాని మీద తేదీ ముద్ర. తప్పిపోయిన రోజు తప్పిపోయినట్టే, తర్వాత రాసింది తీసుకోరు. ఏడింటిలో అయిదు, అందులో ఒక శని లేదా ఆదివారం ఉంటే లెక్కలోకి వస్తుంది. శనివారం మధ్యాహ్నం ఊరి బస్సు ఎక్కేవాళ్లకు రెండు చీటీలు ముందే ఇచ్చి, వాటిని వేరే గుర్తుతో పక్కన పెట్టారు.

కోడింగ్ దగ్గర

అన్నిటికంటే ఎక్కువ ప్రాజెక్టులు ఇక్కడే మునుగుతాయి, మునిగిన సంగతి కూడా తెలీదు. ఎక్సెల్‌లో గానీ గూగుల్ ఫారంలో గానీ ఆరు ఆప్షన్లను 0-5 బదులు 1-6 అని ఎక్కిస్తే ప్రతి మనిషి మొత్తం 5 పెరుగుతుంది, గుణించాక 20. ఒకరి జవాబులు 3, 2, 2, 1, 3 అనుకోండి. మొత్తం 11, స్కోరు 44, అంటే గమనించాల్సిన మనిషి. తప్పు కోడింగ్‌తో 16, స్కోరు 64, అంటే బాగున్న మనిషి. సహసంబంధాలు మాత్రం చెక్కుచెదరవు, కాబట్టి లెక్కలు చూసి ఎవరికీ అనుమానం రాదు. కనిపెట్టే మార్గం: అత్యల్ప, అత్యధిక విలువలు చూడండి. ఒక్కరికైనా 100 దాటిందా, 20 కంటే తక్కువ ఒక్కరికీ లేదా, వెంటనే కాగితం ఫారాలు తీసి పదింటిని చేత్తో లెక్కేయండి.

క్రోన్‌బాక్ ఆల్ఫా (స్కేలు ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) 0.70 దాటితే సరే అంటారు. దాటకపోతే, ముఖ్యంగా నెగటివ్‌గా వస్తే, స్కేలు చెడ్డదనుకునే ముందు తిరగేయాల్సిన ప్రశ్నలు తిరగేశారా చూడాలి. గణాంకాల సాఫ్ట్‌వేర్లు జామోవి, జాస్ప్ రెండూ ఉచితం. ఈ పరిమాణం ప్రాజెక్టుకు అంతకు మించి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

సహసంబంధం 0.2 వస్తే "గణాంకపరంగా అర్థవంతం" అని రాసి ఆపకూడదు. దాని వర్గం 0.04. అంటే స్కోర్ల మధ్య తేడాలో 4 శాతమే ఆ ఒక్క అంశంతో కలిసి కదులుతోంది. మిగతా 96 శాతం ఇంకెక్కడో ఉంది. పైగా ఆలస్యంగా పడుకోవడం వల్ల మనసు చెడిందా, మనసు చెడినందువల్ల నిద్ర ఆలస్యమైందా అన్నది ఒక్కసారి నింపిన ఫారం చెప్పలేదు. చీటీలు అక్కడ అక్కరకొస్తాయి, ఎందుకంటే అవి ఒక మనిషిని అతనితోనే పోలుస్తాయి. ఒకే విద్యార్థికి ఒంటరిగా తిన్న రాత్రులూ, కలిసి తిన్న రాత్రులూ పక్కపక్కన కనిపిస్తాయి. కారణం ఏదో అప్పటికీ తేలదు, కానీ "ఈ రకం మనుషులే అంత" అన్న సులువు జవాబు పోతుంది.

మాటల్లో

చీటీలు రాసినవాళ్లలో పన్నెండు మందితో ఇంటర్వ్యూలు. మొదటి ప్రశ్న "మీకు ఒత్తిడి ఉందా?" అయితే "ఏం లేదన్నా, బాగుండాను" తప్ప ఇంకో జవాబు రాదు. "నిన్న పొద్దున లేచినప్పటినుంచి చెప్పు" అని మొదలుపెట్టి, చీటీలో 1 లేదా 2 వేసిన ముక్క దగ్గర ఆగి, "ఇక్కడ ఏమైంది?" అని అడగాలి. జూనియర్లు "అక్కా", "అన్నా" అని పిలిచే వరసలో సాగితే నోరు తెరుచుకుంటుంది, "మీరు" అని మొదలుపెడితే ఆఫీసు వాసన వస్తుంది. మానసిక బాధను చాలామంది ఒళ్లు మీదుగా చెబుతారు: తల బరువు, కడుపులో మంట, నిద్ర పట్టడంలే, బేజారు. వీటిని కోడింగ్‌లో "ఆరోగ్య సమస్యలు" కింద తోసేయకుండా పక్కన సందర్భం రాసుకోవాలి.

డబ్బు ప్రశ్న తల్లిదండ్రుల వార్షికాదాయంగా అడిగితే ఆదాయ ధ్రువపత్రంలో ఉన్న అంకె వస్తుంది, దానితో ఏ పనీ జరగదు. ఈ నెల మెస్ బిల్లు కట్టడానికి ఎవరి దగ్గరైనా తీసుకున్నావా, డబ్బు లేదని ఈ వారం ఏ పూటైనా తినకుండా ఉన్నావా, ఇంటికి పోవాల్సింది బస్సు చార్జీకి ఆగిపోయినావా అని మూడు అవును-కాదు ప్రశ్నలు పెట్టాక అసలు సంగతులు కదిలాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కట్టేస్తేనే సర్టిఫికెట్ అనే మాట, నాన్న బెంగళూరులో బిల్డింగు పనికి పోయిన ఇంట్లో ఫోను ఎత్తితే వినాల్సివచ్చే అప్పుల సంగతి, బ్యాక్‌లాగ్ ఉందని ఇంట్లో చెప్పకపోవడం. ఫోను గురించి ఒక మాట: ఇంటికి రోజూ ఫోను చేసేవాళ్లు బాగుంటారని ముందు ఊహించుకోవడం సహజం. చీటీల్లో ఇంటి ఫోను తర్వాతి ముక్క కొందరికి 4, ఇంకొందరికి 2. మాట్లాడిన నిమిషాలు కాదు, దేని గురించి మాట్లాడారన్నది అడగాలి.

రాత్రి మెస్ మూసేవేళ కూడా ఇట్లాగే బయటికొచ్చింది. టౌన్ కోచింగ్ నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లు మూసిన మెస్ చూసి గదిలో ఒంటరిగా బిస్కెట్లు, బజ్జీలు తిని పడుకుంటారు. ఇది ఏ ప్రామాణిక స్కేలులోనూ ఉండదు.

రిపోర్టు

వార్డెన్‌కు, రిజిస్ట్రారుకు వెళ్లే కాపీలో పదిమంది కంటే తక్కువ ఉన్న ఏ గడీ చూపకూడదు. "ఫలానా శాఖ రెండో సంవత్సరం, ఫలానా ఊరి అమ్మాయిలు" అని పట్టిక విడగొడితే ఇద్దరే మిగులుతారు, పేరు రాయకపోయినా అందరికీ తెలిసిపోతుంది. ఇంటర్వ్యూ మాటలు వేసేటప్పుడు ఊరు, సబ్జెక్టు, కుటుంబ వృత్తి మూడూ కలిపి రాయకూడదు, ఒక్కటి చాలు. సిఫారసులు ఎవరి చేతిలో ఉన్న పని వాళ్లకే రాయాలి: మెస్ వేళ అరగంట పొడిగింపు మెస్ కమిటీకి, ఒక కుర్చీ-టేబుల్ ఉన్న చదువు గది రాత్రి 11 దాకా తెరిచి ఉంచడం వార్డెన్‌కు, బిల్లు వాయిదా దరఖాస్తు ఫారం అకౌంట్స్ సెక్షన్‌కు. "విద్యార్థులకు యోగా, ధ్యానం నేర్పాలి" అన్న వాక్యం ఈ డేటాలోంచి రాలేదు కాబట్టి రిపోర్టులోకి రానివ్వలేదు.

వైవాలో తప్పకుండా వచ్చే ప్రశ్న: "లింగం, ప్రాంతం తేడాలు ఎందుకు చూడలేదు?" జవాబు సిద్ధంగా ఉండాలి: అమ్మాయిలు, అబ్బాయిల సగటులు వివరణ పట్టికలో ఉన్నాయి, పరికల్పనగా (ముందే పరీక్షకు పెట్టిన ఊహగా) పెట్టలేదు. ముందే సంతకం పెట్టిన మూడు పరికల్పనల కాగితం అనుబంధంలో ఉంది. రెండో ప్రశ్న: "శాంపిల్ ఒకే క్యాంపస్ కదా?" అవును, అందుకే శీర్షికలో "రాయలసీమ విద్యార్థులు" అని వేయకుండా "ఒక యూనివర్సిటీ హాస్టళ్లలోని పీజీ విద్యార్థులు" అని వేశారు. కోడ్ జాబితాను మాత్రం వైవా అయ్యేదాకా ఆపకూడదు. చివరి ఇంటర్వ్యూ అయ్యి, గైడ్ మాట్లాడాల్సిన వాళ్లందరితో మాట్లాడడం పూర్తయ్యాక దాన్ని చింపి, ఆ తేదీ రికార్డు పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి.